మాయ చెప్పాల్సిన మాట

"ఐ యామ్ ఆస్ట్రేలియన్. చెప్పు పాపా."

"అయ్యామ్... అయ్యామాస్... నాకు రాదు పో అవ్వా. ఆకలైతాంది."

గురవమ్మ తల పట్టుకుంది. నాలుగు రోజులుగా ఇదే తంతు. పిల్లకు నోరు తిరగదు. తిరిగినా అచ్చం రాయచోటి బస్టాండులో మాట్లాడినట్టే ఉంటుంది.

ఇదంతా మేడమ్ రాసిన నాటకం తెచ్చిన తంటా. గురవమ్మ పనిచేసే ఇంటి మేడమ్‌ది ఆస్ట్రేలియా. భర్త ఒమన్‌లోనే దూరాన దుక్మ్ పోర్టులో ఇంజనీరు, నెలకోసారి మస్కట్ వచ్చి ముఖం చూపించి పోతాడు. మేడమ్‌కు నాటకాలే లోకం. ఉదయం వెళ్తే రాత్రికి వస్తుంది. ఈసారి ఆమె పట్టుకున్న ప్రశ్న చాలా పెద్దది: అసలైన ఆస్ట్రేలియన్ ఎవరు?

గంటన్నర నాటకం. ఒక వరండా, మూడు కుర్చీలు. మా తాతలు ఖైదీలుగా సంకెళ్లతో ఓడ దిగారని ఒకడు, మా నాన్న యుద్ధం తర్వాత వచ్చాడని ఇంకొకడు, నేను మొన్న పడవలో వచ్చానని ఒకామె. దేశం నాదంటే నాదని ముగ్గురూ కొట్టుకుంటారు. ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్లకు కూడా ఒక కుర్చీ వేసిందట. నాటకం పొడుగైందని తీసేసింది. చివర్లో ఒక పిల్ల నడిచొచ్చి, "ఐ యామ్ ఆస్ట్రేలియన్. దిస్ ఈజ్ మై హోమ్" అంటుంది. తెర పడుతుంది.

పిల్ల కావాలి. ఇంట్లో ఐదేళ్ల మాయ ఉంది. ఇక వెతికే పనేముంది?

మొదటి రిహార్సల్‌లోనే గుట్టు రట్టయింది. మాయకు వచ్చిన ఇంగ్లీషు రెండే ముక్కలు. గుడ్ మార్నింగ్, గుడ్ నైట్. మిగతాదంతా గురవమ్మ భాషే. కాక మరేమవుతుంది? పుట్టింది మస్కట్‌లోనే అయినా పెరిగింది గురవమ్మ చంకలో. నీళ్లు పోసేది గురవమ్మ. ముద్ద కలిపి పెట్టేది గురవమ్మ. జ్వరమొస్తే పక్కలో వేసుకుని జోకొట్టేది గురవమ్మ.

మేడమ్ మండిపడింది. "ఐదేళ్లు ఈ ఇంట్లో ఉండి ఇంగ్లీషు రాకపోవడమేమిటి? శుక్రవారం స్టేజీ మీద ఆ మాట సరిగ్గా రాలేదా, శనివారం నీకు ఫ్లైట్. వీసా క్యాన్సిల్."

ఫ్లైటెక్కితే గురవమ్మకు ఊళ్లో ఉన్నవి నాలుగు గోడలు. వాటి మీద కప్పు ఇంకా పడలేదు.

ఇంటి డ్రైవరు బాషాది కూడా రాయచోటి వైపే. సాయం చెయ్యమంటే పకపకా నవ్వాడు.

"రాయచోటి పిల్లను శుక్రవారానికి ఆస్ట్రేలియా పిల్లను చెయ్యాలంటే మన వల్ల యాడైతాది గురవక్కా?"

"పండ్లు ఇకిలించింది సాలు. నేర్పురా. నీకు ఇంగ్లీషు వచ్చు గదా."

"నా ఇంగ్లీషు ఏర్‌పోర్టు పార్కింగు కాడికేక్కా! ఆడ దాటితే నాదీ సలాం అలైకుమే."

అంటూనే హల్వా డబ్బా తెచ్చాడు. మాట సరిగ్గా చెబితే ఒక ముక్క. డబ్బా సగం అయ్యేసరికి మాయ మాట పట్టేసింది. శుక్రవారం పొద్దున వరసగా మూడుసార్లు తప్పు లేకుండా చెప్పింది.

గురవమ్మ మెటికలు విరిచి దిష్టి తీసింది.

"అవ్వా, రేపు నువ్వు ఇమానమెక్కి పోతావా?"

"ఎవురు చెప్పినారు నీకు?"

"బాషా మామ."

"వాని నోట్లో మన్ను పడ. నువ్వు ఆ మాట చెప్తే నేను యాడికీ పోను."

సాయంత్రం హాలు నిండిపోయింది. అందరూ తెల్లవాళ్లే. ముందు వరసలో సిడ్నీ నుంచి వచ్చిన నాటకాల పెద్దమనిషి, ఒళ్లో నోటుబుక్కుతో. గురవమ్మ, బాషా స్టేజీ పక్క తెర వెనక నిలబడ్డారు. ముగ్గురూ కొట్టుకోవడం అయింది. మాయ నడిచొచ్చి లైటు కింద ఆగింది.

మాట రాలేదు.

గురవమ్మ పెదాలు కదిపి చూపించింది. మాయ ఇటు చూసింది. ఒక్కసారిగా బావురుమంది.

"మా అవ్వను పంపియ్యొద్దు! అవ్వ పోతే నేనూ పోతా! నాకు ఈడ ఎవురూ లేరు!"

గురవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయింది. శనివారం.

అప్పుడు సిడ్నీ పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. చప్పట్లు. వెనక హాలంతా లేచింది. కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు.

"ఏమంటాండార్రా?" అంది గురవమ్మ.

"ఇదే ఈనాటి ఆస్ట్రేలియా అంట. ఆఖరి మాట వేరే బాసలో పెట్టడం శానా గొప్ప ధైర్యమంట. మేడమ్‌ను అర్థమేందని అడుగుతాండాడు."

"మేడమ్‌కేం తెలుసు?"

"తెలీకుంటేనేం? 'ఇదే నా నేల' అని అర్థమని చెప్తాంది. ఆరు నెలలు కష్టపడి నేర్పించిందంట."

మేడమ్ వెలిగిపోతూ తెర వెనక్కి వచ్చింది. పెద్దమనిషి, కెమెరా పట్టుకున్న ఇంకొకడు ఆమె వెంటే ఉన్నారు. ఆమె గురవమ్మ భుజం తట్టింది.

"ఫ్లైట్ లేదు, ఏం లేదు. ఏప్రిల్‌లో ఈ నాటకం సిడ్నీలో ఆడతాం. ఆ చివరి మాట అచ్చం ఇలాగే రావాలి. రోజూ చెప్పించు. మధ్యలో ఇంగ్లీషు కలవకూడదు."

కెమెరా లేచింది. మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. మాయ కదల్లేదు. గురవమ్మ కొంగు పట్టుకుని వెనక్కి నక్కింది.

గురవమ్మ కొంగు విడిపించుకుని, పిల్ల చెవిలో మెల్లగా చెప్పింది: "పో పాపా, మీయమ్మ పిలుస్తాంది."