ఒక్కరే ఉండాలి

"అన్నయ్యా, నేను కాలేజీకి చదువుకోవడానికి వెళ్తున్నానా, బండలు మోయడానికి వెళ్తున్నానా?"

అన్న ఎంపిక చేసిన లాప్‌టాప్‌ను చెల్లెలు రెండు చేతులతో లేపి చూసి, మళ్ళీ కౌంటర్ మీద పెట్టేసింది. షాపాయన నవ్వు ఆపుకున్నాడు.

"గేమ్స్ ఆడాలంటే ఆ మాత్రం బరువుండాలి బుజ్జీ. లోపల పెద్ద ఫ్యాన్, పెద్ద బ్యాటరీ..."

"నేనాడేది రంగు గడులు కలిపే ఆట. దానికి ఫ్యాన్ ఎందుకు? ఏసీ పెట్టించు!"

ఆమె విరిగిన భుజం ఎముక అతుక్కుని రెండు నెలలు కాలేదు. ఆ భుజానికి కిలోన్నర మించి తగిలించొద్దని డాక్టర్ మరీ మరీ చెప్పాడు. తేలికగా ఉన్నవి ఆ చిన్న ఆటకు కూడా మొరాయిస్తున్నాయి, ఆట ఆడేవేమో ఇటుకల్లా ఉన్నాయి. పొద్దుటి నుంచి ఇది మూడో షాపు. సోమవారం నుంచే కాలేజీ. ఇక్కడా కుదరకపోతే అన్న ఆ బండనే కొనేసి చేతులు దులుపుకుంటాడని ఆమెకు తెలుసు. అన్నకు ఓపిక అంత గొప్పది మరి!

షాపాయన కాసేపు ఆలోచించి, కింది అరలోంచి సన్నటి బూడిదరంగు లాప్‌టాప్ ఒకటి తీశాడు. "ఇదొకటి ఉందమ్మా. కిలోకి తక్కువే. మీ ఆట బ్రహ్మాండంగా ఆడుతుంది."

ఆమె నొప్పి ఉన్న చేత్తోనే దాన్ని ఎత్తి చూసింది. భుజం ఏమీ అనలేదు. ప్రాణం లేచొచ్చింది.

"ఇంత మంచిది పెట్టుకుని దాచారేమండీ?"

"తిరిగొచ్చిన సరుకమ్మా. ఒకాయన కూతురి కోసం కొన్నాడు. మూడో రోజు ఆ అమ్మాయే తెచ్చిచ్చేసింది."

"నచ్చలేదా?"

"నచ్చిందట. దీంతో తన పని అయిపోయిందంది."

మూడు రోజుల్లో అయిపోయే పనేమిటో ఆయనా అడగలేదట. ఆమె కూడా అడగదల్చుకోలేదు. ఎక్కువ తవ్వితే అన్న వంకపెడతాడని ఆమె భయం.

"ఇదే కావాలి," అంది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. కొన్నవాళ్ళ ముఖాన్ని తాళంగా పెట్టించి, తెరుచుకుంటోందని చూపించాకే సరుకు గడప దాటిస్తారు. షాపాయన ఆమెను గోడ పక్కనున్న పొడుగాటి బెంచీ మీద, కుడి చివర కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు మీద లాప్‌టాప్ పెట్టాడు.

"కదలకండమ్మా. చేతులు ఒళ్ళోనే ఉంచండి. నొక్కాల్సింది మీ అన్నయ్యగారు నొక్కుతారు."

తెర మీద అక్షరాలు వచ్చాయి: 'ఇద్దరు కనిపిస్తున్నారు. ఒక్కరే ఉండాలి.'

"సార్, మీరు పక్కకు రండి," అన్నాడు షాపాయన. అన్న తెర వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

'ఇద్దరు కనిపిస్తున్నారు. ఒక్కరే ఉండాలి.'

షాపాయన గోడ మీదున్న నవ్వుముఖం పోస్టర్‌ను తిప్పి పెట్టాడు. గాజు తలుపు మీద నీడలు పడుతున్నాయేమోనని కర్టెన్ లాగాడు. అయినా అదే మాట.

ఆమె కళ్ళు మాత్రం తిప్పి బెంచీ ఎడమవైపు చూసింది. ఎవరూ లేరు. కానీ ఆ చివర రెక్సిన్ సీటు, ఎవరో కూర్చున్నట్టు మెత్తగా కిందికి అణిగి ఉంది. చూస్తుండగానే ఆ గుంట ఒక జానెడు ఇటు జరిగింది.

ఆమె నోరు తెరవబోయి మళ్ళీ మూసేసుకుంది. ఇప్పుడు దయ్యమనో భూతమనో అంటే అన్న ఏడాదంతా ఏడిపిస్తాడు, పైగా ఆ బండ తగిలిస్తాడు. 'పాత సీటు, పాత స్ప్రింగులు,' అని తనకు తనే నచ్చజెప్పుకుంది.

ఇంతలో తెర మారింది. పక్కపక్కనే రెండు ఖాళీ వలయాలు, వాటి కింద ఒక వాక్యం: 'ఉండవలసిన వారిని ఎంచుకోండి. రెండవ వారు తొలగించబడతారు.'

"వలయాల్లో మొహాలు లేవేంటండీ?" అన్నాడు అన్న, తెర పక్కకు వచ్చి వంగుతూ.

"ఎప్పుడూ ఇలా అడగలేదు సార్ ఇది..."

"కుడిదా, ఎడమదా బుజ్జీ?"

"నేను కుడి చివరే కదా కూర్చున్నాను! కుడిదే నొక్కెయ్. త్వరగా అన్నయ్యా," అంది. ఎడమ మోచేతికి ఏదో చల్లగా తగులుతోంది.

"ఒక్క నిమిషం ఆగండి సార్!" అన్నాడు షాపాయన.

ఆగడం అన్న జాతకంలోనే లేదు. తెర ఏదడిగినా, పూర్తిగా చదవకముందే నొక్కేసే రకం. కుడి వలయం పచ్చగా వెలిగింది. ఎడమది ఆరిపోయింది.

"ఏమైందండీ?"

"ఇది అద్దంలా చూపించదు సార్. ఎదురుగా నిలబడి చూసినట్టు చూపిస్తుంది. కుడి చివర కూర్చున్నవాళ్ళు ఎడమ వలయంలోకి వస్తారు."

ఆమె గట్టిగా నవ్వేసింది. "అయితే నన్నే తీసిపారేశావన్నమాట! బాగుంది అన్నయ్యా నీ తొందర!"

ఎవరూ నవ్వలేదు. షాపాయన కర్టెన్ వెనక్కి లాగుతున్నాడు.

"అన్నయ్యా, నిన్నే!"

"తెరుచుకుంది కదండీ, ఇంకేం!" అంటూ అన్న లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాడు. బెంచీ దగ్గరకు వచ్చి, ఆమె ఎడమ పక్కనున్న ఖాళీలోకి చెయ్యి చాచాడు. "పద బుజ్జీ, అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"వస్తున్నా అన్నయ్యా," అంది అచ్చం ఆమె గొంతు, ఆమె పక్కనుంచి.