గుప్పెడు నెత్తళ్ళు

బోగోలు సెంటర్లో పెంచలమ్మ ఎండుచేపల గంప ముందు ఆటో ఆగింది.

మెడకు మఫ్లరు చుట్టుకున్న ముసలాయన దిగాడు. చంకలో పాత పేపర్ల కట్ట.

"ఏం కావాల తాతా? నెత్తళ్ళా, రొయ్యపొట్టా?"

పెదవులు కదిలాయి. గాలి తప్ప మాట రాలేదు. మఫ్లరు జారిన చోట, గొంతు మధ్య చిన్న రంధ్రం కనిపించింది.

ఆటో అతను అందుకున్నాడు. "చీటీ మీద నీ మొగుడి పేరు చూపించినాడక్కా. మునెయ్య పెళ్ళాం ఇక్కడుంటాదని తీసుకొచ్చినా."

"ఆయన నెల్లూరు పోయుండాడే!"

ముసలాయన మడిచిన చీటీ అందించాడు.

"నాకు చదువు రాదు సామీ. ఈ పేపర్లు మా ఆయనకేనా?"

తల ఊపాడు.

"ఇటియ్యి. నేను చూసుకుంటాలే."

కట్టను ఒక్క క్షణం పట్టుకుని, అప్పుడు వదిలాడు.

పాత పేపర్లు తెచ్చిన వాళ్ళకు గుప్పెడు ఎండుచేపలివ్వడం అక్కడి వాడుక. నోరులేని మనిషని పెంచలమ్మ రెండు గుప్పెళ్ళు కట్టింది. నీళ్ళిచ్చింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఉత్తినే కాదులే తాతా, పుచ్చుకో."

నవ్వి, పుచ్చుకున్నాడు. చేతులు జోడించి ఆటో ఎక్కాడు.

ఆ రోజు బేరం బాగా సాగింది. ఎర్ర గీతలున్న పైపేపరులో కావలి బస్సెక్కే ఒకామెకు అరకిలో చుట్టి ఇచ్చింది. పొద్దుగూకేసరికి కట్ట అయిపోయింది.

మునెయ్య వచ్చి గంప పక్కన కూలబడ్డాడు.

"దిబ్బ పోయినట్టేనే. చేపలెండేసేదానికి సర్కారు దాన్ని ఊరికిచ్చిందని కలెక్టరాఫీసులో రుజువు అడుగుతుండారు. రేపే గడువు."

"వాళ్ళ ఆఫీసులో లేదా?"

"తుఫానుకు నానిపోయిందంట. అప్పట్లో సర్కారు ప్రకటన తీరరేఖ పేపర్లో పడింది గదా, అదన్నా తెమ్మన్నారు. ఆ పేపరు మూసేసి ఇరవై ఏళ్ళాయె."

"నడిపినాయన?"

"ఎంపీ అయినాక ఢిల్లీలో మన దిబ్బ పేరెత్తింది ఆయనొక్కడే. యాడుండాడో, అసలుండాడో లేడో."

పెంచలమ్మ చేతులు గంపలో ఆగిపోయాయి.

"ఏందే?"

ఆమె గంప అడుగు నుంచి చీటీ తీసి ఇచ్చింది. పొట్లానికి చాలని ముక్క గనక మిగిలింది.

మునెయ్య దాన్ని వెలుతురుకు పట్టి, కూడబలుక్కుంటూ చదివాడు.

"మునెయ్యా, దిబ్బకు రేపే గడువని విన్నాను; డాక్టర్లు గొంతు తీసేశారు, వచ్చి సాక్ష్యం చెప్పలేను; ఎర్ర గీతలు గీసిన పేపరు రేపు ఆఫీసులో చూపించు, నా దగ్గర ఇంకో ప్రతి లేదు. ఇట్లు, తీరరేఖ హెన్రీ."