అతియన్ పేరు

మేం అండగా నిలిచిన ఫ్రెంచి రాజు యుద్ధంలో ఓడిపోయాడు. గెలిచిన ఇంగ్లీషువాళ్ళు, ఎప్పుడో మేం ఎత్తుకొచ్చిన తమ పిల్లల కోసం అడవిలోని మా అబెనాకి తెగ ఊరికి పడవలో వచ్చారు.

"వీడు మావాడు. పంపించు," అన్నాడు అధికారి, మాలియన్ పక్కనున్న తెల్ల కుర్రాణ్ణి చూపిస్తూ.

"మీవాడా? మీ భాషలో మంచినీళ్ళడగడం కూడా రాదు వీడికి," అంది మాలియన్. "మీ గుండు తగిలి నా కొడుకు అతియన్ పోయాడు. ఆ పేరే పెట్టి వీణ్ణి పెంచాను. పేరు పెడితే పోయినవాడు తిరిగొచ్చినట్టే మాకు."

"నేను వెళ్ళనే అమ్మా!"

"వెళ్ళకపోతే ఊరు తగలబెడతారురా. పేరు మాత్రం నాకిచ్చేసి పో."

ఏటినీళ్ళతో అతని ముఖం కడిగి, పేరు వెనక్కి తీసుకుంది. పడవ కదిలింది. వెనక్కి తిరిగి చూస్తున్న అతన్ని ఏమని పిలవాలో మాకెవరికీ తెలియలేదు.

జ్వరంతో ఒళ్ళు తెలియకుండా ఉన్న తమ కుర్ర సిపాయినొకణ్ణి మాత్రం, మళ్ళీ వచ్చేదాకా చూడమని మాలియన్ గుడిసెలో వదిలిపోయారు.

సాయంత్రం చూడబోయి గుమ్మంలోనే ఆగిపోయాం. పొయ్యిలో ఆ కుర్రాడి ఎర్రకోటు కాలుతోంది. సిపాయి తల ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డతో ముఖం తుడిచి, మాలియన్ మొక్కజొన్న జావ నోటికందిస్తోంది.

"తాగరా, అతియన్."

"ఊఁ," అన్నాడతను.