మూయనన్న తలుపు

"ఈ తలుపు నేను మూయనండి" అన్నాడు కోటిలింగం, చేతిలో తాపీ కింద పెట్టేసి.

గోవర్ధనరావుకి ముందు అర్థం కాలేదు.

గుడివాడలో ఆ వీధి మొత్తానికి మొదటి మాడ్యులర్ కిచెన్ ఆయనింట్లోనే తయారవుతోంది. రెండువేల నాలుగో సంవత్సరం. చేపల చెరువులు కలిసొచ్చాయి. భార్య సులోచన బెజవాడలో అక్కగారి ఫ్లాట్‌లో చూసొచ్చిన దగ్గర్నించీ ఆమెకి అదే ధ్యాస. నల్ల గ్రానైట్ గట్టు, ఎర్రగా మెరిసే అలమరాలు, పొయ్యి మీద చిమ్నీ, సిలిండర్ కూడా కనబడకుండా గట్టు కింద తలుపులు.

పెరటి తలుపు ఉన్నచోట నేల నుంచి కప్పుదాకా పొడుగు అలమరా రావాలని డిజైనర్ గీసిచ్చాడు. అంటే ఆ తలుపు పీకేసి ఇటుకతో మూసేయాలి.

నాలుగు రోజులుగా నోరెత్తకుండా పనిచేసిన తాపీమేస్త్రి ఇవాళ అడ్డం తిరిగాడు.

"ఎందుకు మూయవు?"

"వంటింటికి రెండో దారి ఉండాలండి. హాలు గుమ్మం పక్కనే పొయ్యి పెడుతున్నారు. అక్కడ మంటలేస్తే లోపలి మనిషి ఎటు పోద్దండి?"

"డిజైనర్ కంటే నీకెక్కువ తెలుసా?"

"తెలుసండి."

వడ్రంగులూ రంగులవాళ్లూ పని ఆపి చూస్తున్నారు. గోవర్ధనరావుకి తల కొట్టేసినట్టయింది. మూలనున్న టేకు చెక్క అందుకున్నాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బకి కోటిలింగం చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్లు పటుక్కుమన్నాయి. మూడో దెబ్బకి పెదవి చిట్లి, కొత్తగా పరిచిన తెల్ల టైల్స్ మీద నెత్తురు చిమ్మింది.

"నా ఇంట్లో నాకే చెప్తావురా?"

"చంపండి బాబూ. తలుపు మాత్రం మూయకండి."

సులోచన అడ్డం వచ్చింది. "వదిలెయ్యండి, చచ్చిపోతాడు!"

ఆమెని పక్కకి నెట్టేసి, మేస్త్రిని మెడపట్టి వీధిలోకి గెంటాడు.

మర్నాడు ఇంకో మేస్త్రి వచ్చాడు. మధ్యాహ్నానికల్లా పెరటి గుమ్మం గోడలో కలిసిపోయింది.

నెల తిరక్కుండా వంటిల్లు పూర్తయింది. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి, అలమరాలు తీసి చూసి, ముచ్చటపడి వెళ్లారు.

పనికోసం పైఊరి నుంచి వచ్చిన కోటిలింగం మాత్రం ఊరు వదల్లేదు. చేతికి కట్టుతో రోజూ పెరటి ప్రహరీ అవతల సందులో నిలబడేవాడు. పొమ్మంటే నాలుగడుగులు పోయి, మళ్లీ వచ్చేవాడు.

"ఆ మేస్త్రి మళ్లీ వచ్చాడండి. మన గోడకేసే చూస్తున్నాడు" అంది సులోచన. "భయంగా ఉంది నాకు."

"పగబట్టాడు వెధవ."

గోవర్ధనరావు సందులోకి వెళ్లి మాటా పలుకూ లేకుండా పిడిగుద్దులు గుద్దాడు. కిందపడ్డాక డొక్కలో తన్నాడు.

"ఏం పనిరా నీకిక్కడ?"

కోటిలింగం నెత్తురు ఉమ్మేశాడు. "అమ్మగారు లోపల ఒక్కరే ఉంటారు కదా బాబూ..."

ఆ మాటకి గోవర్ధనరావు కళ్లు ఎర్రబడ్డాయి. చెప్పుకాలితో ముఖం మీదే తన్నాడు. "ఇంకోసారి కనిపిస్తే కాలవలో తొక్కేస్తా."

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున పదకొండింటికి గోవర్ధనరావు వీధి వరండాలో సెల్‌ఫోన్ మాట్లాడుతున్నాడు. లోపల ఢామ్మని పేలింది.

గట్టు కింద మూసిపెట్టిన సిలిండర్ ట్యూబు కారి, లోపల నిండిన గ్యాసు అంటుకుంది. పరుగెత్తి వెళ్లేసరికి హాలు గుమ్మం నిండా మంట. ఎర్ర అలమరాలు చిటపటా కాలుతున్నాయి. మంట అవతల సులోచన కేకలు.

"ఏమండీ! దారి లేదండీ!"

గోవర్ధనరావు మంటలోకి దూకబోయాడు. జుట్టు అంటుకుంది. వెనక్కి పడ్డాడు. మళ్లీ వెళ్లాడు. అరచేతులు బొబ్బలెక్కాయి.

అప్పుడు పెరటి వైపు నుంచి గోడ మీద దెబ్బలు వినిపించాయి.

ఇంటి పక్కనుంచి పెరట్లోకి పరుగెత్తాడు. కోటిలింగం ప్రహరీ దూకి వచ్చేశాడు. కొబ్బరికాయలు ఒలవడానికి పెరట్లో పాతిన గునపం పెరికి, విరిగిన వేళ్లతోనే గోడని పొడుస్తున్నాడు. కట్టు ఊడి వేలాడుతోంది. పొడిచిన ప్రతిసారీ నొప్పికి అరుస్తున్నాడు. ఇటుకలు రాలాయి. అలమరా వెనక చెక్కా, ముందు తలుపూ బద్దలయ్యాయి. పొగ బుస్సున తన్నుకొచ్చింది.

నడుందాకా ఆ కన్నంలో దూరిపోయాడు. సులోచనని దొరికినచోట పట్టుకుని, తన పక్కనుంచి బయటికి తోసేశాడు.

తను వెనక్కి వచ్చేలోపు, కాలుతున్న అలమరా విరిగి మీద పడింది.

గోవర్ధనరావు కాళ్లు పట్టుకుని లాగాడు. బయటికొచ్చిన ముఖాన్ని చూడలేక కళ్లు మూసుకున్నాడు.

బందరు ఆసుపత్రిలో కోటిలింగం రెండురోజులు బతికాడు.

మూడోరోజు గోవర్ధనరావు వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. వరండాలో కోటిలింగం భార్య పోలమ్మ గోడకి చేరబడి కూర్చుంది. కబురందుకుని దివిసీమ నుంచి వచ్చింది.

ఆమె ముందు గోవర్ధనరావు కూలబడిపోయాడు.

"కొట్టానమ్మా. రెండుసార్లు చావగొట్టాను. నా భార్యని బతికించి పోయాడు. ఆ తలుపంటే ఎందుకంత పట్టుదలో నాకొక్క ముక్క చెప్పలేదు."

పోలమ్మ కళ్లలో నీళ్లు లేవు.

"ఎవరికీ చెప్పడు బాబూ. నిరుడు బందర్లోనే ఒకరింట్లో ఇట్టాంటి వంటిల్లే కట్టారు. మా కూతురు రేవతి ఆ ఇంట్లో పనికి కుదిరింది. ఒక్కతే పిల్ల. మంటలంటుకుంటే పెరటేపు పరిగెత్తిందంట. తలుపు లేదు."

గోవర్ధనరావు తల వంచుకున్నాడు. "ఆ తలుపు మూయించినవాళ్లు ఎవరమ్మా?"

"మూయించినోళ్ల సంగతి నాకెందుకు బాబూ?" అంది పోలమ్మ. "ఇటుకలు పేర్చి మూసింది ఈయనే."