కుడి జేబు

మొదటి బారులోంచి లిఫ్టు మెకానిక్ చెవులు మూసుకుని బయటపడ్డాడు.

లోపల పాటల హోరు అలా ఉంది. "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని అడిగితే "ఏంటీ?" అని అవతలి మనిషి అరవాల్సిందే.

రెండోది మరీ చీకటి. ఆడమనిషి అడుగు పెడితే తలలన్నీ ఒక్కసారి తిరిగేలా ఉన్నాయి.

మూడోది నచ్చింది. చిన్న గది. గోడ నిండా సీసాలు, పై అరలు అందుకోవడానికి చక్రాల నిచ్చెన. బీరు మాటే లేదు, అంతా ఘాటు సరుకే. ముందు వాసన చూపిస్తారు, నచ్చితేనే పోస్తారు. కిటికీ పక్కన ఇద్దరికి సరిపడే బల్ల ఖాళీగా ఉంది.

"రేపు సాయంత్రం ఆ బల్ల నాకు ఉంచు అన్నా" అన్నాడు బార్టెండర్‌తో.

"వదినగారిని తీసుకొస్తున్నారా?"

"ఇంకా వదిన కాలేదు. అది రేపు తేలుతుంది."

బార్టెండర్ నవ్వాడు. మూలబల్ల దగ్గర రంగులేని మందేదో ముందు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. మెకానిక్‌నే చూస్తున్నాడు.

మొదటి బారులోనూ ఈయనే, రెండోదాంట్లోనూ ఈయనే. 'ఊళ్లో ఏ బారూ వదిలిపెట్టడు కాబోలు, పాపం ఇంట్లోవాళ్లు' అనుకున్నాడు మెకానిక్.

అతని గుబులు అతనిది. పూలకొట్టు అమ్మాయి ఒకసారి లిఫ్టులో ఇరుక్కుపోతే, తలుపు ఇవతల నుంచి కబుర్లు చెబుతూ భయం పోగొట్టాడు. పరిచయం అలా మొదలైంది. మనిషి మంచిదే, నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు.

"ఎప్పుడూ టీ కొట్టేనా? మందు ముట్టని మగాణ్ని నమ్మొద్దంటాడు మా బాబాయి" అని ఆటపట్టించింది మొన్న.

ఆమెకు తెలియదు. కామెర్లు ముదిరి అతని కాలేయం పాడైపోతే, ఎవరో చనిపోయిన కుర్రాడి కాలేయం పెట్టి బతికించారు. కుడివైపు పక్కటెముకల కింద ఆ కోత మచ్చ ఉంది. "ఇక జన్మలో చుక్క ముట్టకు" అని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆ కుర్రాడి అమ్మానాన్నలెవరో చెప్పమని ఆస్పత్రివాళ్లను బతిమాలాడు. "ఒక్కసారి కనబడితే చాలు, కాళ్ల మీద పడిపోతాను" అన్నాడు. చెప్పకూడదన్నారు.

పెళ్లికి ముందే ఈ సంగతంతా చెబితే ఆ అమ్మాయి దక్కదని అతని భయం. 'ఒక్క గ్లాసుకి ఏమవుతుందిలే. మిగతాది తర్వాత నెమ్మదిగా చెప్పుకోవచ్చు' అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు కోటు వేసుకుని వచ్చాడు. కుడి జేబులో ఉంగరం.

బార్టెండర్ వెనక గదిలో సరుకు దింపించుకుంటున్నాడు. వెయిటర్ రెండు గ్లాసులు పోసి వెళ్లాడు.

"అబ్బో, కోటే!" అంది అమ్మాయి. "ఇంతకీ తాగుతావా, వాసన చూసి పెట్టేస్తావా?"

"చూస్తూ ఉండు" అని మెకానిక్ గ్లాసు పెదవుల దాకా తెచ్చాడు.

మూలబల్ల కుర్చీ చప్పుడైంది. పెద్దాయన తూలుతున్నట్టు వచ్చి మీద పడ్డాడు. గ్లాసు ఎగిరి నేలమీద పగిలింది. ఆయన అరచెయ్యి మెకానిక్ కోటు లోపలికి దూరి కుడివైపు ఆనుకుంది. ఆనుకుని, అక్కడే ఉండిపోయింది.

"ఉంగరం!" మెకానిక్ గొంతు చించుకున్నాడు. "దొంగ! జేబులో చెయ్యి పెట్టాడు, పట్టుకోండి!"

పట్టుకోవడానికి మనుషులకు కొదవేముంది? ఒకడు చొక్కా పట్టాడు, ఇంకొకడు చెంప పగలగొట్టాడు. పెద్దాయన చెయ్యైనా అడ్డం పెట్టుకోలేదు. కాపలావాడు మెడ పట్టి మెట్ల మీదికి నెట్టాడు.

"వయసు చూసైనా వదిలేయాల్సింది" అంది అమ్మాయి మెల్లగా.

"దొంగకి వయసేంటి?"

అని కుడి జేబు తడుముకున్నాడు. ఉంగరం డబ్బా అక్కడే ఉంది, కదలనైనా లేదు. అప్పుడు తట్టింది అతనికి. ఆ చెయ్యి జేబు వైపే రాలేదు, దానికి జానెడు పైన, పక్కటెముకల కింద ఆగింది.

గొడవ విని బార్టెండర్ పరుగున వచ్చాడు. "ఎవరిని కొట్టారు? మూలన కూర్చునే పెద్దాయననా?"

"ఆ తాగుబోతునే."

"తాగుబోతేంటి సార్? ఆయన తాగేది మంచినీళ్లు."

మెకానిక్ వీధిలోకి పరుగెత్తాడు. ఆఫీసులు వదిలిన వేళ, ఎటు చూసినా జనమే. ఆ జనంలో పెద్దాయన లేడు. మెట్ల మీద ఒక చెప్పు పడి ఉంది, అరిగిపోయి, దారంతో కుట్టిన చెప్పు.

అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. వెనకే వచ్చిన బార్టెండర్ ఆ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"నిన్న మీరు వెళ్లాక నన్ను అడిగాడు సార్, ఆ అబ్బాయి వేళకి తింటున్నాడా, ఒంట్లో బాగుంటోందా, ఇక్కడికి తరచూ వస్తాడా అని. మీ నాన్నగారా అన్నాను."

"ఏమన్నాడు?" అని అడిగాడు మెకానిక్.

"'కాదు బాబూ, మావాడు బండి మీద నుంచి పడి చనిపోయాడు, వాడి కాలేయం ఈ అబ్బాయిలో బతికుందని ఆస్పత్రిలో ఎవరో నోరు జారారు, వాణ్ని ఒక్కసారి తాకి పోదామని తిరుగుతున్నా' అన్నాడు సార్."