సీజన్‌లో సీటు

“చేతకాకపోతే చేతకాదని చెప్పండి. ఇంకో షాపుకి పోతాను!”

ఆవిడ హ్యాండ్‌బ్యాగు బల్ల మీద ధడేలుమని పడేసింది. ఆ అదురుకి ఏజెంటుగారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ఆయన జుట్టు నెరిసిందే ఈ బల్ల వెనక. విదేశాలకి టిక్కెట్లు కావాలంటే ఊరంతా ఆయన దగ్గరికే వచ్చేది. చేతకాదనే మాట ఇంతవరకు ఎవరి నోటా వినలేదు.

“చేతకాకపోవడమేంటమ్మా? సెలవుల సీజను. జనమంతా ఒక్కసారిగా విమానాల మీద పడ్డారు. సీట్లేమన్నా నా జేబులో ఉన్నాయా, తీసివ్వడానికి?”

“అవన్నీ నాకెందుకండీ? మా చెల్లెలికి నెలలు నిండాయి. దేశం కాని దేశం. మొగుడు తప్ప పక్కన మనిషి లేదు. కాన్పు వేళకి నేను లేకపోతే మీదే పాపం!”

“బావుంది! నెలలు నిండుతాయని మీకు ముందే తెలీదూ? కాస్త ముందొచ్చుంటే కిటికీ పక్కన కూర్చోబెట్టి పంపేవాణ్ణి.”

“వెటకారం ఒకటి!”

ఈ మొహం ఎక్కడో చూసినట్టే ఉంది. కానీ సీజన్‌లో కోపంతో వచ్చే మొహాలన్నీ ఒకేలా ఉంటాయి. ఆయన ఫోను ఎత్తి విమాన కంపెనీకి నంబరు తిప్పాడు. “హలో... హలో!” అవతల చడీచప్పుడూ లేదు. ఠపీమని పెట్టేశాడు.

“సీజనొస్తే చాలు, ఈ కంపెనీల వాళ్లకి కళ్లు నెత్తికెక్కుతాయి.”

“మీ ఫోనూ అంతే, మీరూ అంతే! బోర్డు మాత్రం బారెడు.”

ఆయనకి ఒళ్లు మండిపోయింది. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. సొరుగు లాగి లావుపాటి టైంటేబులు పుస్తకం తీశాడు. దాని అంచులు నలిగి దూదిలా ఉన్నాయి. విసురుగా పేజీలు తిప్పుతుంటే మోచెయ్యి తగిలి నీళ్ల గ్లాసు ఒరగబోయింది. ఆవిడ తిట్లు ఆపకుండానే గ్లాసు పట్టుకుని ఇవతల పెట్టింది. కాగితాలు ఎగురుతుంటే తనే లేచి ఫ్యాను తగ్గించింది.

నోరే గానీ చెయ్యి మంచిది, అనుకున్నాడు ఆయన.

“దొరికిందా లేదా?”

“నోరు మూసుకుంటే దొరుకుతుంది!”

అనేశాక ఆయనకే భయమేసింది. ఆవిడ మాత్రం లేచిపోలేదు. పైగా కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఆయన వేలు ఒక వరస మీద ఆగింది.

“సెలవు ముందు రోజు విమానాలు అందరికీ కావాలి. సరిగ్గా సెలవు రోజున మాత్రం ఎవడూ గాల్లో ఉండడు, ఇళ్లలో విందుల్లో ఉంటారు. ఆ పూట మీరు ఎక్కుతున్నారు.”

“నేరుగా వెళ్తుందా?”

“వెళ్లదు. ముందు వెనక్కి పోవాలి. ఓడరేవు ఊరికి చిన్న విమానం, అక్కణ్ణించి పెద్దది.”

“ముందుకెళ్లమంటే వెనక్కి పంపిస్తారేంటండీ!”

“వెనక్కి పోతేనే అక్కడ ఖాళీ దొరుకుతుంది. తెల్లారేసరికి మీ చెల్లెలి పక్కన ఉంటారు. పూచీ నాది.”

“కిటికీ పక్కనేనా?”

“సీటే గగనమంటే కిటికీ కూడానా!” గొణుగుతూనే కాగితం మీద రాశాడు, కిటికీ అని. తర్వాత తలెత్తి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. “ఇప్పుడనండి. చేతకాదా?”

ఆవిడ ఆ కాగితం అందుకుంది.

“మీకు కాక ఇంకెవరికి చేతనవుతుంది?”

గొంతు బొంగురుపోయింది. మరి అంతలా అరిస్తే పోదూ, అనుకున్నాడు ఆయన. చెల్లెలి మీద బెంగ కాబోలు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. పాపం అనిపించింది. “వెళ్లిరామ్మా. అంతా క్షేమంగా జరుగుతుంది,” అన్నాడు.

గెలిచాక ఆయనకి ఆకలి వేసింది. పొద్దున ఎవరినీ మూత కూడా తీయనివ్వని అన్నం క్యారియర్‌ని బల్ల చివర నుంచి తనే దగ్గరికి లాక్కుని విప్పాడు. ఇంకో కస్టమర్ వచ్చేలోపు తినేయాలి.

ఆవిడ తలుపు జారేసి బయటికి వచ్చింది. మెట్ల మీద ఒకామె, బడి సంచీ తగిలించుకున్న కూతురి చెయ్యి పట్టుకుని ఎదురుచూస్తోంది.

“తింటున్నారా?” అని గుసగుసగా అడిగింది.

“ముద్ద మీద ముద్ద. నన్ను మాత్రం ఇవాళా గుర్తుపట్టలేదు.”

ఆవిడ కళ్లు తుడుచుకుని, హ్యాండ్‌బ్యాగు తీసి ఆమె చేతిలో పెట్టింది.

“రేపు నాన్నని తిట్టే వంతు నీదే చెల్లీ.”