ఓ పది ఇడ్లీలు

వంటింటికి చెప్పే ప్రతి మాటా సీ అనే కంప్యూటర్ భాషలోకి మారి, దాన్ని చదివే కంపైలర్ అనే ప్రోగ్రాం ఒప్పుకుంటే తప్ప పొయ్యి వెలగని రోజులవి. ఆ కంపైలర్ సంఖ్యలను సరిగ్గా చదువుతోందో లేదో పరీక్షించడమే ప్రమద ఉద్యోగం. ఆఫీసులో ఆమె పది అంటే పదే వచ్చేవి. ఇంట్లో అత్తగారు స్రవంతమ్మ పది ఇడ్లీలు అడిగితే మాత్రం నెల రోజులుగా ఎనిమిదే వస్తున్నాయి.

"మిగతా రెండూ ఎటు పోతున్నాయో ఆ భగవంతుడికే తెలియాలి," అంటూ స్రవంతమ్మ కోడలి మూతి వంక చూసింది.

ప్రమదకు ఒళ్ళు మండింది. "మీరు ఏమని అడుగుతున్నారో నా ఎదుట ఒకసారి అడగండి అత్తయ్యా."

స్రవంతమ్మ పొయ్యి వైపు తిరిగి, "ఓ పది ఇడ్లీలు వెయ్యి," అంది.

మళ్ళీ ఎనిమిదే దిగాయి. ప్రమదకు అప్పుడు వెలిగింది. అత్తగారి 'ఓ'ను వంటిల్లు ఇంగ్లీషు లెక్కలో పలికే 'ఓ' అనుకుని, పదికి ముందు సున్నా పెడుతోంది. ముందు సున్నా ఉన్న సంఖ్యను సీ భాష ఎనిమిదుల లెక్కలో చదువుతుంది. ఆ లెక్కలో పది అంటే ఒక్క ఎనిమిదే.

"దొంగ దొరికింది. ఇవాళే ఆఫీసుకు రాసి సరిచేయిస్తాను."

"ఆగవే," స్రవంతమ్మ గొంతు తగ్గించింది. "మొన్న ఇదే వంటిల్లు నా వయసెంతని అడిగితే, ఓ డెబ్బై ఉంటాయన్నాను. ఏడెనిమిదులు యాభై ఆరని రాసుకుని, అప్పట్నుంచి నాకు ఆవకాయ వడ్డిస్తోంది. అరవై దాటినవాళ్ళని ముట్టనివ్వదుగా."

"మరి ఆఫీసుకు ఏమని రాయమంటారు?"

"ఆ రెండు ఇడ్లీలూ రోజూ నేనే తింటున్నానని రాయి."